ముందు ఇరుసులో వదులు

పంజగుట్ట చౌరస్తానుండి బంజారా హిల్స్ లోపలి వీధులకు సరుకు చేరవేసే పికప్ బండ్లకు ఎత్తుపల్లాలు తప్పవు. ప్రొద్దున అమీర్‌పేట హాస్టళ్ళకు బియ్యపు బస్తాలు, నీళ్ళ డబ్బాలు దించుతాయి. మధ్యాహ్నమునకు సిమెంటు సంచులో, చలువరాతి పలకలో, ఇల్లు మారేవారి బీరువాలో వేసికొని కొండ ఎక్కుతాయి. సాయంకాలము మళ్ళీ క్రిందికి దిగుతాయి. ఈ బండ్లను చూచినవారికి బరువంతా వెనుక చక్రాలే మోస్తున్నట్లు తోచును. కాని బండి షెడ్డుకు వచ్చినపుడు డ్రైవరు చెప్పే మాటలు ఎక్కువగా ముందు చక్రాలను గురించే ఉంటాయి. "అన్నా, బండి ఎడమకు గుంజుతున్నది", "యాభై దాటితే స్టీరింగు వణుకుతున్నది", "కొత్త టైరు, ఒక ప్రక్కనే అరిగిపోయింది".

ఈ మూడు మాటలకు మూలము తరచుగా ఒక్కటే. ముందు ఇరుసు కీళ్ళలో వెంట్రుకవాసి వదులు ఏర్పడినది. ఈ వెంట్రుకవాసి చక్రము దగ్గరకు వచ్చేసరికి ఎట్లా పెరుగుతుంది, దానిని చేతితో ఎట్లా పట్టవచ్చును, ఏ భాగమును బాగుచేయవచ్చును, దేనిని మార్చక తప్పదు అన్నవి తెలిసికొనదగిన విషయాలు. తరగతిలో చెప్పే తులాదండ సూత్రమునకు, ఘర్షణకు, లోహాల స్వభావానికి ఇంతకంటె దగ్గరి ఉదాహరణ దొరకడము కష్టము. పైగా ఇక్కడ లెక్క తప్పితే పోయేది మార్కులు కావు. నిండు బరువుతో దిగుడులో వస్తున్న బండికి ముందు చక్రము కీలు ఊడితే, దాని దారిలో ఎవరున్నారన్నదే ప్రశ్న అవుతుంది.

ఇరుసు, చీల

బంజారా హిల్స్‌కు ఆ పేరు అక్కడ నివసించిన బంజారాలవల్ల వచ్చినది. ఎద్దుల వీపులమీద ధాన్యము, ఉప్పు వేసి దేశమంతా త్రిప్పిన వర్తక జాతి వారు. వారికి చక్రముతోనే పని లేదు గనుక ఇరుసు బాధ కూడ లేదు. రెండు చక్రాల ఎద్దుబండికి ఇరుసు ఉన్నది గాని, దాని సంగతి సులభము. ఇరుసు నిలకడగా ఉండగా చక్రము దాని చుట్టు తిరుగుతుంది. చక్రము జారిపోకుండ కొనను ఒక చీల ఉంటుంది. బండిని మలపవలెనంటే ఎద్దులను మలిపితే చాలును, ఇరుసు మొత్తము వాటి వెంట తిరుగుతుంది.

నాలుగు చక్రాల బండికి ఇది కుదరదు. ముందు ఇరుసును నడుమ ఒకే మేకుమీద త్రిప్పితే బండి మలుపులో ఒరిగిపోయే ప్రమాదము ఉన్నది. ఇరుసు తిరగకుండ దాని రెండు కొనలను ఉన్న చక్రాలు మాత్రమే తిరిగే ఏర్పాటును జర్మనీలోని మ్యూనిక్ నగరములో బండ్లు కట్టే లాంకెన్‌స్పెర్గర్ రూపొందించినాడు. 1818లో లండనులోని పుస్తక ప్రచురణకర్త రుడాల్ఫ్ అకెర్‌మన్ అతని తరఫున దానికి పేటెంటు తీసికొన్నాడు. పేరు మాత్రము పేటెంటు తీసికొన్నవానికే దక్కినది.

ఇందులో ఇంకొక చమత్కారమున్నది. మలుపులో లోపలి చక్రము చిన్న వృత్తమునందు, వెలుపలి చక్రము పెద్ద వృత్తమునందు నడుస్తాయి. కాబట్టి రెండూ ఒకే కోణమున తిరగరాదు. ముందు వెనుక ఇరుసుల నడుమ దూరము 2.1 మీటర్లు, ముందు చక్రాల నడుమ 1.3 మీటర్లు ఉన్న చిన్న బండి 5 మీటర్ల వ్యాసార్ధముతో మలుపు తిరుగుతున్నదనుకొందాము. వెనుక ఇరుసు మధ్యనుండి ఈ వ్యాసార్ధమును కొలిస్తే లోపలి చక్రము సుమారు 26 డిగ్రీలు, వెలుపలిది సుమారు 20 డిగ్రీలు తిరగాలి. త్రికోణమితి నేర్చిన విద్యార్థులు టాంజెంటు పట్టికతో దీనిని సరిచూచుకొనవచ్చును. ఈ కొద్ది డిగ్రీల తేడాను నిలబెట్టేది రెండు చక్రాలను కలిపే టై రాడ్ అనే కడ్డీ, దాని కొనల కీళ్ళు.

మన ప్రాంతములో ఈ ఏర్పాటు కొత్తది కాదు. 1932 జూన్‌లో నిజాం స్టేట్ రైల్వే 27 బస్సులతో రోడ్డు రవాణా శాఖను ప్రారంభించినది. అప్పుడు వచ్చిన ఆల్బియన్ బస్సులు స్కాట్లండులోని గ్లాస్గోలో తయారైనవి. అమీర్‌పేటకు ప్రక్కనే ఉన్న సనత్‌నగరులో బస్సులకు బాడీలు కట్టిన హైదరాబాదు ఆల్విన్ సంస్థ 1980లలో జపానులోని నిస్సాన్ సహకారముతో జహీరాబాదులో తేలికపాటి సరుకు బండ్లు చేసినది. ఆ కర్మాగారము తరువాత మహీంద్రా చేతికి వెళ్ళినది. అదే కాలములో వచ్చిన డీసీఎం టొయోటా బండ్ల పేరు మన నగరమునకు ఎంత అలవాటైనదంటే, ఆ కంపెనీ లేకపోయినా, ఎవరు చేసిన బండి అయినా ఆ పరిమాణమున ఉంటే దానిని "డీసీఎం" అనే అంటారు.

నేటి పికప్ బండ్లలో ముందు భాగము రెండు రకాలు. 2005లో వచ్చిన టాటా ఏస్ వంటి వాటిలో అడ్డముగా ఒకే ఉక్కు దూలము, దానిమీద పట్టీ స్ప్రింగులు ఉంటాయి. దూలము కొనను ఒక కన్ను ఉంటుంది. చక్రమును మోసే స్టబ్ యాక్సిల్ (మొండి ఇరుసు అనవచ్చును) ఆ కంటిని రెండు పెదవులతో పట్టుకొన్నట్లు అమరుతుంది. కంటిలోనుండి, రెండు పెదవులలోనుండి నిలువుగా దూరి పోయే గట్టి ఉక్కు చీలయే కింగ్ పిన్. దానిని "ప్రధాన చీల" అని తెనిగించవచ్చును గాని, ఆ మాట చెప్పి దుకాణములో అడిగితే ఎవరూ ఇవ్వరు. పిన్ను కంటిలో బిగిసి ఉంటుంది. పెదవులలో కంచు బుష్‌లు ఉంటాయి. చక్రము మలిగినప్పుడు బుష్‌లు పిన్ను చుట్టు తిరుగుతాయి. దూలము కంటికి, క్రింది పెదవికి నడుమ ఒక థ్రస్ట్ బేరింగు ఉండి ఆ ప్రక్క బరువును మోస్తుంది.

రెండవ రకములో అడ్డదూలము లేదు. 2016లో శ్రీసిటీలో తయారీ ప్రారంభమైన ఇసుజు డీ-మ్యాక్స్ ఇందుకు ఉదాహరణ. ఒక్కొక్క చక్రమునకు పైన ఒక చేయి, క్రింద ఒక చేయి ఉంటాయి. చక్రమును మోసే దిమ్మ వాటికి బాల్ జాయింట్లతో తగిలించి ఉంటుంది. మన తుంటి కీలులో గుండ్రటి ఎముక తల గిన్నెలో తిరిగినట్లు ఇందులో ఉక్కు గుండు గిన్నెలో తిరుగుతుంది. రకము ఏదైనా సూత్రము ఒకటే. చక్రము ఒక నిలువు అక్షము చుట్టు తిరగాలి, ఆ అక్షము మాత్రము కదలరాదు.

ఒక మిల్లీమీటరులో అయిదవ వంతు

కింగ్ పిన్ రెండు బుష్‌ల నడుమ దూరము 12 సెంటీమీటర్లు, చక్రము వ్యాసార్ధము 30 సెంటీమీటర్లు అనుకొందాము. ప్రతి బుష్‌లోను పిన్ను చుట్టు 0.2 మిల్లీమీటరు ఖాళీ ఏర్పడినది. పై బుష్ ఒక ప్రక్కకు, క్రింది బుష్ రెండవ ప్రక్కకు ఒరిగితే ఒక వాలు; ఇది తారుమారైతే ఎదురు వాలు. ఈ రెండింటి నడుమ మొత్తము కదలిక 120 మిల్లీమీటర్లకు 0.4 మిల్లీమీటరు, అనగా 300కు 1. చక్రము కేంద్రమునుండి 30 సెంటీమీటర్ల దూరములో ఉన్న టైరు అంచున ఇది 1 మిల్లీమీటరు అవుతుంది. టైరు పై అంచు ఒక వైపుకు, క్రింది అంచు రెండవ వైపుకు పోతాయి గనుక కంటికి 2 మిల్లీమీటర్లుగా కనిపిస్తుంది. పెదవులనుండి చక్రము వరకు ఉన్న దూరమే వదులును పెంచి చూపే తులాదండము.

ఇదే తులాదండము బలాన్ని కూడ పెంచుతుంది. చాలమంది గమనించనిది ఇది. బ్రేకు పట్టినప్పుడు నేల చక్రమును వెనుకకు నెట్టుతుంది. బ్రేకు పలక స్టబ్ యాక్సిల్‌కు బిగించి ఉన్నది గనుక ఆ బలము చివరకు రెండు బుష్‌లమీదనే పడాలి. నేల వద్ద బలము 200 కిలోలైతే, చక్రము కేంద్రము బుష్‌ల సరిమధ్యన ఉన్నట్లు తీసికొని, పై బుష్ చుట్టు భ్రామకాలు వ్రాస్తే క్రింది బుష్‌మీద 600 కిలోలు, ఎదురు దిశలో పై బుష్‌మీద 400 కిలోలు వస్తాయి. మూడింతలు, రెండింతలు! బొటనవ్రేలంత కంచు తొడుగు ప్రతి బ్రేకుకు ఈ బరువును ఓర్చుకొంటున్నది.

ఇక కొండ సంగతి. మొత్తము 1550 కిలోల బండి పదికి ఒకటి వాలులో దిగుతున్నది. డ్రైవరు గురుత్వ త్వరణములో 0.4 వంతు మేరకు వేగము తగ్గేటట్లు బ్రేకు పట్టినాడు. వాలు లాగుడు కూడ కలిపి బ్రేకు బలము 775 కిలోలు కావలెను. బండి గరిమనాభి నేలకు 0.8 మీటరు ఎత్తున ఉన్నదనుకొంటే, 775ను 0.8తో హెచ్చించి 2.1తో భాగించగా సుమారు 295 కిలోలు వస్తుంది. వెనుక చక్రాలమీదనుండి ముందు చక్రాలమీదకు ఒక్కసారిగా మారే బరువు ఇది. సమతలములో వెనుక చక్రాలు మోసిన మూడు క్వింటాళ్ళు దిగుడులో ముందు ఇరుసుమీద కూర్చుంటాయి. సరుకును ఎత్తుగా పేర్చితే 0.8 పెరుగుతుంది, దానితోపాటు ఈ సంఖ్యా పెరుగుతుంది. గట్టిగా ఉన్న కీలు దీనిని ఓర్చుకొంటుంది. వదులైన కీలుకు ఇది బరువు కాదు, దెబ్బ. పిన్ను ముందు ఖాళీలో కదలి తరువాత గోడకు కొట్టుకొంటుంది. దెబ్బకు ఖాళీ పెరుగుతుంది, పెరిగిన ఖాళీలో తరువాతి దెబ్బ మరింత గట్టిగా తగులుతుంది. అందుకే కొత్త బుష్ చాలకాలము మెల్లగా అరిగి, ఒక దశ దాటిన తరువాత త్వరత్వరగా పోతుంది.

టైరు అరుగుదల లెక్క ఇంకా సులభము. టై రాడ్ కీళ్ళు వదులై ఒక చక్రము నడిచే దిశకు అర డిగ్రీ వంకరగా ఉన్నదనుకొనండి. ప్రతి కిలోమీటరుకు ఆ టైరు సుమారు 8.7 మీటర్లు ప్రక్కకు ఈడ్చుకొని పోతుంది. రోజుకు 60 కిలోమీటర్లు తిరిగితే అర కిలోమీటరుకు పైగా. ఒక టైరును త్రిప్పకుండ అర కిలోమీటరు తారురోడ్డుమీద అడ్డముగా ఈడ్చితే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. సొంత బండి నడుపుకొని బ్రతికే డ్రైవరు ఆ రబ్బరుకు ప్రతి దినమూ డబ్బు కడుతూనే ఉంటాడు.

స్టీరింగు వణుకు మరొక రకము. 30 సెంటీమీటర్ల వ్యాసార్ధముగల చక్రము గంటకు 50 కిలోమీటర్ల వేగమున సెకనుకు ఏడుసార్లకు పైగా తిరుగుతుంది. చక్రములో కొద్దిపాటి తూకము తేడా ఉంటే ప్రతి చుట్టుకు ఒక తోపు. కీళ్ళు గట్టిగా ఉన్నప్పుడు ముందు భాగపు సహజ పౌనఃపున్యము ఎక్కువగా ఉండి ఈ తోపుకు లొంగదు. కీళ్ళు వదులైతే ఆ పౌనఃపున్యము దిగివచ్చి తోపుతో కలుస్తుంది. ఊయలను సమయమునకు తోసినట్లే! వేగము ఇంకా పెంచితే వణుకు తగ్గడము కూడ ఇందువల్లనే. తగ్గినది గదా అని సంతోషించే డ్రైవర్లున్నారు. తోపు సమయము తప్పినది గాని కీలు గట్టిపడలేదు.

దుమ్ము, నీరు, ఆముదము

కంచు బుష్‌ను తినేది ఉక్కు పిన్ను కాదు, నడుమ చేరిన దుమ్ము. బంజారా హిల్స్ బండలు సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటి గ్రానైటు శిలలు. గ్రానైటులో ఫెల్‌స్పార్, మైకాలతోపాటు క్వార్ట్జు ఉంటుంది. కాఠిన్యపు కొలతలో క్వార్ట్జు స్థానము 7. కంచు 3కు అటూ ఇటూ ఉంటుంది. గట్టిపరచిన ఉక్కుతో కూడ క్వార్ట్జు పోటీ పడగలదు. పునాదులకు బండ పగులగొట్టినచోట, కంకర ఆడించినచోట గాలిలో లేచే దుమ్ములో ఈ క్వార్ట్జు రేణువులుంటాయి. గ్రీజు చాలకపోతే అవి బుష్‌లో చేరి మెత్తని కంచులో సగము పాతుకొని కూర్చుంటాయి. అప్పటినుండి బుష్ ఆకురాయిగా మారి పిన్నును గీకుతుంది. విప్పిన పిన్నుమీద ఒక ప్రక్కనే మెరిసే గుంట కనబడితే అది ఈ పనియే.

నీటి పని వేరు. వాన కురిస్తే మైత్రీవనం వద్ద నిలిచే నీటిలో హబ్ మునిగేవరకు నడిచిన బండికి రబ్బరు సీళ్ళు, బూట్లు సరిగా లేకపోతే నీరు లోపలికి చేరి గ్రీజును వెలికి నెట్టుతుంది. బాల్ జాయింటు రబ్బరు బూటు చినిగితే దాని ఆయువు అంతటితో తీరినట్లే. నునుపైన గుండుమీద త్రుప్పు గుంటలు పడి, అవి గిన్నెను కొరుకుతాయి.

ఎద్దుబండి కాలమున ఇరుసుకు కందెన పెట్టేవారు. ఆముదములో గడ్డి కాల్చిన మసి కలిపి పూసేవారు. నేడు కింగ్ పిన్‌కు ఎక్కించేది లిథియం గ్రీజు. ఇది ఖనిజ తైలమును లిథియం సబ్బుతో చిక్కపరచిన పదార్థము. ఆ సబ్బు చేసే ఆమ్లమును ఎక్కువగా తీసేది ఆముదమునుండే! పాలమూరు, నల్లగొండ మెట్టచేలలో పండే ఆముదాలకు ఇరుసుతో ఉన్న చుట్టరికము తెగలేదన్న మాట.

గ్రీజు ఎక్కించడములో ఒక చిన్న కిటుకున్నది. బండి నేలమీద నిలబడి ఉండగా గన్ను పెట్టి కొడితే థ్రస్ట్ బేరింగు బరువు క్రింద బిగిసి ఉండి గ్రీజును లోపలికి రానివ్వదు. ఇరుసును జాకీతో లేపి, చక్రమును అటూ ఇటూ మలుపుతూ, పాత నల్లని గ్రీజు పోయి కొత్తది అంచులనుండి వెలికి వచ్చేవరకు కొట్టాలి.

చేతితో పట్టుకొనే విధము

ముందు చక్రమును జాకీతో లేపి, ఇరుసు క్రింద స్టాండు పెట్టి, వెనుక చక్రాలకు అడ్డుదిమ్మలు వేసి తరువాతనే చేయి పెట్టాలి. జాకీ ఒక్కదాన్ని నమ్మి బండి క్రింద దూరరాదు.

టైరును పైన ఒక చేత, క్రింద ఒక చేత పట్టి లోపలికి, వెలికి ఊపాలి. కదలిక తెలిస్తే అది కింగ్ పిన్‌ది కావచ్చును, చక్రపు బేరింగుది కావచ్చును. ఏదో తేల్చడానికి మరొకరిని బ్రేకు త్రొక్కి పట్టమని మళ్ళీ ఊపాలి. బ్రేకు హబ్‌ను స్టబ్ యాక్సిల్‌తో ఒకటిగా బిగిస్తుంది గనుక బేరింగు వదులు మాయమవుతుంది. ఇంకా కదలిక మిగిలితే అది కింగ్ పిన్‌దే. ఖరీదైన పరికరమేదీ లేకుండ రెండు కారణాలలో ఒకదానిని తొలగించి రెండవదానిని పట్టుకొన్నాము. ప్రయోగశాలలో చేసే పని కూడ ఇదే గదా!

తరువాత టైరును ఎడమ, కుడి ప్రక్కల పట్టి ఊపాలి. ఇక్కడ తెలిసే వదులు ఎక్కువగా టై రాడ్ కొనలది, డ్రాగ్ లింకుది. ఒకరు స్టీరింగును కొద్దిగా అటూ ఇటూ త్రిప్పుతుండగా ఇంకొకరు ఆ కీళ్ళమీద వ్రేళ్ళు వేసి చూస్తే కడ్డీ కదలకముందే ఏ కీలు కొట్టుకొంటున్నదో స్పర్శకు తెలుస్తుంది. టైరు గాళ్ళమీద అరచేతితో రాయాలి. ఒక వైపు రాస్తే నునుపుగాను, ఎదురు రాస్తే రంపపు పళ్ళవలెను ఉంటే చక్రము ప్రక్కకు ఈడ్చుకొని పోతున్నదనడానికి అదే సాక్ష్యము.

బాల్ జాయింట్ల బండికి ఒక భేదమున్నది. స్ప్రింగు క్రింది చేతిమీద ఉన్న రకములో జాకీని ఛాసిస్ క్రింద పెడితే స్ప్రింగు బలముతో క్రింది కీలు బిగిసి ఉండి అరిగినది కూడ గట్టిగా ఉన్నట్లు కనబడుతుంది. జాకీని క్రింది చేతికే, కీలుకు దగ్గరగా పెట్టాలి. అప్పుడే నిజము బయటపడుతుంది.

విప్పి మార్చడము

టై రాడ్ కొన, బాల్ జాయింటు, చక్రపు బేరింగు బాగుచేసేవి కావు. వీటిని మార్చడమే. వదులైన బాల్ జాయింటు గిన్నెను సుత్తితో నొక్కి బిగించడము, లేదా దానిమీద వెల్డింగు చుక్క వేయడము కొన్నిచోట్ల చూస్తాము. ఇది పని కాదు, నేరము అనాలి. కొట్టిన తరువాత వదులు చేతికి తెలియదు, కాని గుండు మెడను పట్టుకొన్న అంచు మరింత పలుచబడి ఉంటుంది. అది ఊడేది బరువు ఎక్కువగా పడినప్పుడే, అనగా దిగుడులో, మలుపులో, బ్రేకు పట్టినప్పుడు.

కింగ్ పిన్ మాత్రము సరిచేయదగిన కీలు. పిన్ను, బుష్‌లు, థ్రస్ట్ బేరింగు, షిమ్ములు కలిసి ఒక సెట్టుగా దొరుకుతాయి. ఒక ప్రక్క పోతే రెండు ప్రక్కలా మార్చడము మేలు. రెండు చక్రాలు ఒకే బాటమీద ఒకే కాలము తిరిగినవి, పైగా ఒకటి గట్టిగా, రెండవది వదులుగా ఉంటే బండి బ్రేకుకు ఒక వైపు గుంజుతుంది.

చక్రము, డ్రమ్ము తీసి, బ్రేకు పైపు లాగబడకుండ పలకను తీగతో వ్రేలాడదీసి, పిన్నును కంటికి బిగించిన అడ్డచీలను మొదట తీయాలి. ఇది మరచి పెద్ద సుత్తితో పిన్నును కొడితే కన్ను చెడుతుంది. ఏళ్ళ తరబడి త్రుప్పు పట్టిన పిన్ను సులువుగా రాదు. త్రుప్పు వదిలించే నూనె పోసి ఒక రాత్రి ఉంచి, ప్రెస్సుతోనో, ఇత్తడి కడ్డీ అడ్డుపెట్టి సుత్తితోనో దించాలి. గ్యాసు మంటతో కాల్చడము తొందరపని. ఇరుసు, స్టబ్ యాక్సిల్ కాల్చి ముంచి, మళ్ళీ మితముగా వేడిచేసి బలము తెచ్చిన ఉక్కు. ఎర్రగా కాలితే ఆ బలము పోతుంది, చూపుకు మాత్రము ఏ తేడా కనబడదు.

పాత బుష్‌లు తీసి కొత్తవి ఎక్కించేటప్పుడు బుష్‌కు ఉన్న గ్రీజు రంధ్రము పెదవి రంధ్రానికి సరిగా ఎదురు రావాలి. ఇది తప్పితే ఎంత గ్రీజు కొట్టినా పిన్ను ఎండిపోయే ఉంటుంది. ఎక్కించిన బుష్ కొద్దిగా ముడుచుకొంటుంది గనుక రీమరుతో లోపలి కొలతకు తేవాలి. రెండు బుష్‌లను విడివిడిగా తోలితే వాటి అక్షాలు కలియవు. ఒక బుష్ ఆధారముగా నిలిచి రెండవదానిని కోసే పొడుగు రీమరు కావాలి. సరిగా కుదిరినదనడానికి గుర్తు, నూనె రాసిన పిన్ను బొటనవ్రేలి ఒత్తిడికి రెండు బుష్‌లలోనుండి మెల్లగా దిగడము. సుత్తి అవసరమైతే బిగువు ఎక్కువ, తనంతట జారిపోతే తక్కువ. థ్రస్ట్ బేరింగును తలక్రిందులుగా వేయరాదు, మూసిన ప్రక్క పైకి ఉండాలి. ఇరుసు కంటికి, పై పెదవికి నడుమ ఖాళీని షిమ్ములతో బండి పుస్తకములో ఇచ్చిన కొలతకు తేవాలి.

అడ్డచీల వదులుగా ఉన్న బండిని చాలకాలము నడిపితే పిన్ను కంటిలోనే కొట్టుకొని కన్ను కోలగా అవుతుంది. దానికి కొత్త సెట్టు వేసినా కొద్ది దినాలలో మళ్ళీ అదే కథ. కంటిని లేత్ పని తెలిసినచోట కొంచెము పెద్దది చేసి ఉక్కు తొడుగు వేయించవచ్చును. గోడ పలుచబడితే ఇరుసునే మార్చాలి.

సున్నపు ముక్క, కిరసనాయిలు

విప్పినప్పుడు స్టబ్ యాక్సిల్‌ను తప్పక పరీక్షించాలి. లావుగా ఉన్నచోటునుండి సన్నబడేచోట, ఆ మూలలో చీలిక పుడుతుంది. ఇట్లాంటి చీలికల సంగతి ప్రపంచానికి ఒక ఘోర ప్రమాదము నేర్పినది. 1842 మే 8న వెర్సాయ్‌నుండి పారిస్‌కు వస్తున్న రైలులో మొదటి ఎంజిను ఇరుసు విరిగినది. పెట్టెలు ఒకదానిమీద ఒకటి ఎక్కి అంటుకొన్నవి. యాభైమందికి పైగా మరణించినారు. దక్షిణ ధ్రువ సముద్రాలు శోధించి వచ్చిన నావికుడు ద్యూమో ద్యూర్వీల్ కూడ ఆ మృతులలో ఉన్నాడు. ఒకేసారి మోయగల బరువుకు ఎంతో లోపల ఉన్న ఇరుసు ఎందుకు విరిగినది? తరువాత జర్మనీ రైల్వే ఇంజనీరు ఆగస్ట్ వోలర్ ఏళ్ళ తరబడి ఇరుసులను వంచి వంచి పరీక్షించి, బలమెంత అన్నదే కాక ఎన్నిసార్లు అన్నది కూడ లెక్కలోకి వస్తుందని చూపినాడు. లోహమునకు కలిగే ఈ అలసట పైకి కనబడదు. సన్నని చీలిక కొద్దికొద్దిగా లోపలికి ప్రాకి, మిగిలిన భాగము ఇక మోయలేని దినమున ఒక్కసారిగా తెగుతుంది.

ఆ చీలికను పట్టడానికి పాఠశాలలో కూడ చేయదగిన ప్రయోగమున్నది. భాగమును బాగా శుభ్రము చేసి కిరసనాయిలులో కొంతసేపు నానబెట్టాలి. తీసి పొడి గుడ్డతో తుడిచి, సుద్దపొడిని నీటిలో కలిపి పలుచగా పూసి ఆరనివ్వాలి. చీలికలో దాగిన కిరసనాయిలు పైకి ఊరి తెల్లని పూతమీద తడిగీతగా కనబడుతుంది. కేశాకర్షణము చెప్పేటప్పుడు గాజుగొట్టముతోపాటు పగిలిన ఒక పాత బోల్టును కూడ తరగతికి తెస్తే విద్యార్థులు మరవరు. గీత కనబడిన స్టబ్ యాక్సిల్‌కు వెల్డింగు మందు కాదు, అది పాత ఇనుములోకి పోవలసినదే.

అన్నీ బిగించిన తరువాత చక్రాల సరళత చూడాలి. ముందు చక్రాల ముందంచుల నడుమ దూరము వెనుక అంచుల నడుమ దూరము కంటె కొద్దిగా తక్కువ ఉండాలి. సాధారణముగా ఇది ఒకటి మొదలు మూడు మిల్లీమీటర్లు, ఖచ్చితమైన సంఖ్య బండి పుస్తకములో ఉంటుంది. నడుస్తున్నప్పుడు నేల ఘర్షణ చక్రాలను వెనుకకు నెట్టి ముందంచులను విడదీస్తుంది గనుక ఈ ముందుజాగ్రత్త. కంప్యూటరు యంత్రము లేనిచోట చక్రమును త్రిప్పుతూ గాళ్ళ నడుమ సుద్దతో గీత గీసి, హబ్ ఎత్తున ముందు కొలిచి, బండిని అర చుట్టు ముందుకు తోసి అవే గుర్తులను వెనుక కొలవవచ్చును. టై రాడ్ రెండు కొనలకు ఎదురెదురు మరలు ఉండడమువల్ల కడ్డీని త్రిప్పితే చాలు, పొడవు మారుతుంది. కొలత సరిపడిన తరువాత నట్టులు బిగించి, స్ప్లిట్ పిన్నులు కొత్తవి వేయాలి. పాత పిన్నును సాగదీసి మళ్ళీ వాడరాదు. అది రెండు మూడు రూపాయల వస్తువు, కాని నట్టు ఊడకుండ ఆపేది అదే.

బండిని మొదట ఖాళీగా సమతలములో నడిపి, తరువాత కొండ దారిలో దింపి చూడాలి. కొత్త బుష్‌లు సర్దుకొంటాయి గనుక కొన్ని వందల కిలోమీటర్లు తిరిగిన తరువాత మళ్ళీ లేపి, పైన క్రింద పట్టి ఊపి, అడ్డచీల నట్టు బిగువు సరిచూచి, గ్రీజు కొట్టించాలి.